బెంచీ ఎందుకు పగిలింది?

బస్టాపు దగ్గర సిమెంటు బెంచీ పగిలింది. ఇనుప ఊచ బయటికొచ్చింది. ఒక అవ్వ చీర దానికి తట్టుకుంది. కొంచెంలో పడిపోయేది.

"రాయిలాంటి బెంచీ ఎట్లా పగిలిందయ్యా?" అని మేస్త్రిని అడిగింది.

"ఊచ మీద కాంక్రీటు పల్చగా పోశారవ్వా. వాననీరు లోపలికి దిగింది. ఊచ తుప్పు పట్టింది. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే కాంక్రీటు పగులుతుంది" అన్నాడు మేస్త్రి.

ఊచ చుట్టూ కాంక్రీటు మందంగా ఉండాలి. పోసిన తర్వాత కనీసం 7 రోజులు తడపాలి. గోనెపట్టా కప్పి తడిపితే మరీ మంచిది. రెండు రోజులు తడిపి ఊరుకుంటే బెంచీ పూర్తిగా గట్టిపడదు.

కూర్చునే పలక సుమారు ఒకటిన్నర అడుగుల ఎత్తులో ఉండాలి. మరీ ఎత్తయితే ముసలివాళ్ల పాదాలు నేలకు ఆనవు. బెంచీ కాళ్లు నేలలో పాతాలి. లేకుంటే పిల్లలు ఎక్కి ఊగినప్పుడు మీద పడుతుంది.

అవ్వ చేతికర్రతో బెంచీ కాలును నెట్టి చూసింది. అది కదిలింది.

"ముందు దీన్ని తీయించండి నాయనా, బడి వదిలే వేళయింది" అంది.