బద్ధకమా? అవటుగ్రంథి లోపమా?



స్టడీ అవర్‌లో పుస్తకం మీద తల వాల్చినవాళ్ళని ‘నిద్రమొహం’ అంటాం. పొద్దున్నే పి.టి.కి లేవకపోతే ‘సోమరిపోతు’ అంటాం. కానీ అందరూ సోమరులు కారు. కొందరికి ఒంట్లో ఒక చిన్న గ్రంథి సరిగా పనిచెయ్యక అలా ఉంటుంది. దాని సంగతి తెలుసుకుందాం.

అవటుగ్రంథి అంటే ఏమిటి?

గొంతు ముందువైపు, గొంతుముడికి కిందుగా, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే వినాళగ్రంథి ఇది. దీన్నే థైరాయిడ్ అంటారు. పెద్దవాళ్ళలో దీని బరువు సుమారు 20 గ్రాములే. ఇది థైరాక్సిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో వేడి పుట్టాలన్నా, ఎత్తు పెరగాలన్నా, మెదడు చురుగ్గా ఉండాలన్నా థైరాక్సిన్ కావాలి. పొయ్యిలో కట్టెలు తగ్గితే అన్నం ఉడకదు కదా, ఇది తగ్గినా ఒళ్ళు అలాగే మందగిస్తుంది.

లోపం ఉంటే కనిపించే గుర్తులు

1. ఎంత పడుకున్నా తీరని నీరసం, మత్తు
2. అందరికంటే ఎక్కువ చలి వెయ్యడం
3. మలబద్ధకం, పొడిబారిన చర్మం, జుట్టు రాలడం
4. ముఖం ఉబ్బడం, తిండి పెరగకపోయినా బరువు పెరగడం
5. ఎత్తు పెరగడం ఆగిపోవడం, చదివింది గుర్తుండకపోవడం
6. ఆడపిల్లలకు నెలసరి సరిగా రాకపోవడం

కొందరికి గొంతు కింద వాపు వస్తుంది. దాన్ని గాయిటర్ అంటారు. తల కొంచెం పైకెత్తి నీళ్ళు మింగితే ఆ వాపు కూడా పైకి కదులుతుంది. అయితే వాపు లేకుండానే లోపం ఉండొచ్చు, వాపు ఉన్నా హార్మోను సరిగానే ఉండొచ్చు. అందుకే కంటితో చూసి తేల్చకూడదు.

ఏ పరీక్ష చెయ్యాలి?

నీరసం రక్తహీనతలోనూ ఉంటుంది. వేలికి గుచ్చి చేసే హిమోగ్లోబిన్ పరీక్షలో అవటుగ్రంథి సంగతి తెలియదు. దానికి చేతి నరం నుంచి రక్తం తీసి టి.ఎస్.హెచ్., టి4 చూడాలి. టి.ఎస్.హెచ్.ని మెదడు కింద ఉండే పీయూషగ్రంథి పంపుతుంది. అవటుగ్రంథి మందగిస్తే “ఇంకా పని చెయ్యి” అన్నట్టు అది టి.ఎస్.హెచ్.ని పెంచుతుంది. కాబట్టి టి.ఎస్.హెచ్. ఎక్కువ, టి4 తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే. అరుదుగా పీయూషగ్రంథిలోనే లోపం ఉంటుంది. అప్పుడు టి.ఎస్.హెచ్. పెరగదు. అందుకే రెండూ చెయ్యమని అడగాలి.

లోపం తేలితే డాక్టరు గారు థైరాక్సిన్ మాత్ర రాస్తారు. పొద్దున్నే పరగడుపున వేసుకుని అరగంట ఆగి టిఫిన్ తినాలి. హాస్టల్‌లో ఇచ్చే ఐరన్ మాత్రకీ దీనికీ 4 గంటలు తేడా ఉండాలి. 6 నుంచి 8 వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. బాగుందని మనంతట మనమే మానెయ్యకూడదు. ఇంట్లోవాళ్ళు తాయెత్తు కడితే కట్టనివ్వండి, రక్తపరీక్ష మాత్రం మానొద్దు.

ఉప్పు కథ

థైరాక్సిన్ తయారవడానికి అయోడిన్ కావాలి. 12 ఏళ్ళు దాటినవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, మరికొందరు డాక్టర్లు 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో అధ్యయనం మొదలుపెట్టారు. ఆ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. అయితే అవటుగ్రంథి లోపానికి అయోడిన్ ఒక్కటే కారణం కాదు. ఉప్పు మంచిదే వాడుతున్నా గుర్తులు ఉంటే పరీక్ష తప్పదు.

వార్డెన్ గారికి మనవి

వంటగదిలో ఉప్పు డబ్బాకి మూత పెట్టించండి, పొయ్యికి దూరంగా ఉంచండి. కూర దించే ముందు ఉప్పు వేయిస్తే అయోడిన్ ఎక్కువ నిలుస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చినప్పుడు గాయిటర్ కూడా చూస్తారు. ఆ రోజు ఎవరినీ ఊరికి పంపకండి. ఏ పిల్లో పిల్లాడో వారాల తరబడి మగతగా ఉంటే తిట్టే ముందు ఒకసారి ఆసుపత్రికి పంపండి. ఎదిగే వయసులో ఆలస్యమైతే ఎత్తూ చదువూ రెండూ వెనకబడతాయి.

మిత్రులారా, పక్క మంచం మీద వాళ్ళకి ఈ గుర్తులు కనబడితే నవ్వకండి. సిస్టర్ గారికి చెప్పండి.