పెట్టేసి, నువ్వే తిరిగి చెయ్యి

కంభం

బుజ్జమ్మా,

మార్కాపురం కాలేజీలో చేరి సొంత ఫోను చేతికొచ్చిన దగ్గర్నుంచీ తెలియని నంబర్ల నుంచి కాల్స్ వస్తున్నాయనీ, ఒక్కోసారి నంబరే కనిపించడం లేదనీ, ఎత్తాలో వద్దో తేలడం లేదనీ రాశావు. తెలియని నంబరైతే అసలు ఎత్తొద్దని మీ నాన్న అన్నాడట. వాడు ప్రేమకొద్దీ అన్నాడు గానీ, మన ప్రాంతంలో అది కుదిరే పని కాదు తల్లీ. బోర్లు ఎండిపోయి హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. ఫోనులో చార్జింగు అయిపోతే పక్కవాడి ఫోను అడిగి ఇంటికి చేస్తారు. ఆస్పత్రివాళ్లదీ, కొరియరు అబ్బాయిదీ, రేపు నిన్ను ఇంటర్వ్యూకి పిలిచే ఆఫీసుదీ అన్నీ తెలియని నంబర్లే. కాబట్టి ఎత్తు. ఎలా ఎత్తాలో నేర్చుకుని ఎత్తు.

నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల్లో దూరపు ఊరి నుంచి ట్రంక్ కాల్ వస్తే మధ్యలో మేముండేవాళ్లం. ఫలానా ఊరి నుంచి ఫలానావారు, మాట్లాడతారా అని అడిగాకే లైను కలిపేవాళ్లం. ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు. ఆ అడగడమేదో నువ్వే అడగాలి.

ముందు నంబరు కనిపించని కాల్ సంగతి చెబుతాను. మన దేశంలో నంబరు దాచుకునే సౌకర్యం అడిగినవాళ్లందరికీ ఇవ్వరు. ప్రభుత్వ అనుమతి ఉన్న కొద్దిమందికే అది ఉంటుంది. విదేశాల నుంచి, ఇంటర్నెట్ మీదుగా వచ్చే కాల్స్‌లో కూడా ఒక్కోసారి నంబరు కనిపించదు. ఒకటి గుర్తుపెట్టుకో: నీ ఫోను తెర మీద కనిపించనంత మాత్రాన ఆ కాల్‌కి ఆనవాలు లేకుండా పోదు. అది ఏ దారిన వచ్చిందో టెలికాం కంపెనీ రికార్డుల్లో ఉంటుంది, పోలీసులు అడిగితే బయటికొస్తుంది. కనుక దాన్ని చూసి భయపడనక్కర్లేదు. అవసరమున్నవాడైతే మామూలు నంబరుతో మళ్లీ చేస్తాడు, లేదా మెసేజి పెడతాడు.

నంబరు కనిపించే కాల్‌తోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. కవరు వెనక 'పంపినవారు' అన్న చోట ఎవరైనా ఎవరి చిరునామా అయినా రాసేయొచ్చు కదా, ఫోను తెర మీద నంబరును కూడా మోసగాళ్లు అలాగే మార్చి చూపించగలుగుతున్నారు. విదేశాల్లో కూర్చుని, మన దేశపు నంబరులా 91తో మొదలయ్యేట్టు కాల్స్ పంపేవారు. అలాంటి కాల్స్‌ని ఆపే వ్యవస్థను కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న మొదలుపెడితే, మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ పట్టుబడ్డాయి. బ్యాంకులు లావాదేవీల గురించి చేసే కాల్స్ 1600తోనూ, ప్రచారం కోసం చేసేవి 140తోనూ మొదలవ్వాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇది తెలిసి ఉండటం మంచిదే. అయినా 1600 కనిపించింది కదా అని పిన్ను చెప్పేయకు.

మరి ఎవరిని నమ్మాలి అంటావు. నీకొక్క పద్ధతి చెబుతాను, మిగతావన్నీ మరిచిపోయినా పర్లేదు. డబ్బు, ఆధారు, కేసు, ఓటీపీ — వీటిలో ఏ మాట వినపడినా ఆ కాల్ పెట్టేయ్. నిజంగా పని ఉందేమో అనిపిస్తే నువ్వే తిరిగి చెయ్యి. అదే నంబరుకు కాదు. బ్యాంకైతే పాసుపుస్తకం మీదో ఏటీఎం కార్డు వెనకో అచ్చువేసిన నంబరుకు. కాలేజీ అయితే ఆఫీసుకే వెళ్లి అడుగు. గూగుల్‌లో వెతికి, కనపడిన మొదటి కస్టమర్ కేర్ నంబరుకు చేయొద్దు, దొంగ నంబర్లు అక్కడ కూడా పెట్టి ఉంచుతున్నారు.

ఎత్తగానే ఎలా మాట్లాడాలో చూడు. అవతలివాడు "హలో, ఎవరు మాట్లాడేది?" అంటే పేరు చెప్పకు. "మీకెవరు కావాలండీ?" అని అడుగు. నీ పేరు వాడే చెప్పినా, ఊరూ ఆధారు అంకెలూ చదివి వినిపించినా అది నమ్మకానికి గుర్తు కాదు, మన వివరాలు ఎన్నో చేతులు మారి ఉంటాయి. "ఏ పని మీద?" అని అడుగు. సూటిగా చెప్పకపోతే "తర్వాత మాట్లాడతానండీ" అని పెట్టేయ్. మర్యాద తప్పినట్టేమీ కాదు. ఓటీపీ మెసేజి వస్తే మొదటి నుంచి చివరిదాకా చదువు. అది దేనికి వచ్చిందో అందులోనే రాసి ఉంటుంది.

ఈ మోసగాళ్లు పన్నే ఉచ్చులు చాలా రకాలు. మన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మూడు. మొదటిది భయం. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు వేసుకున్నవాడు కనిపిస్తాడు. నీ పేరుతో పార్సిల్లో మత్తుమందు దొరికిందంటాడు. నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం, గది తలుపు వేసుకో, ఎవరికీ చెప్పకు, కాల్ కట్ చేయకు అంటాడు. మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని ఈ సంగతే చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత ఏం చేయాలో అది చేయండి అన్నారు. చదువూ పలుకుబడీ ఉన్నవాళ్లు కూడా ఇందులో పడిపోతున్నారు. మన పక్క కడప జిల్లా శాసనసభ్యుడొకరు కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నారని 2025లో పత్రికల్లో వచ్చింది. నిజమైన అధికారికి నువ్వు ఫోను పెట్టేస్తావన్న బెంగ ఉండదు, నోటీసు పంపుతాడు, స్టేషనుకు రమ్మంటాడు. కట్ చేయొద్దని ఎవడైనా అన్నాడంటే, ఆ క్షణమే కట్ చేయాల్సిన కాల్ అది.

రెండోది ఆశ. పీఎం కిసాన్ డబ్బు ఆగిపోయింది, ఈ ఫైలు నొక్కండి అని వాట్సాప్‌లో ఏపీకే అనే యాప్ ఫైలు పంపుతారు. నొక్కి ఆ యాప్‌ని ఫోనులోకి ఎక్కించుకుంటే మెసేజిలన్నీ వాళ్లు చదవగలుగుతారు. రైతుల ఇళ్లలో ఇది తొందరగా పాకుతుంది. అనుమానముంటే మీ అమ్మానాన్నలను ఊళ్లోని ప్రభుత్వ ఆఫీసుకు పంపు, ఫైలు మాత్రం నొక్కనివ్వకు.

మూడోది సాయం. "మీ సిమ్ము ఆగిపోతుంది, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు వేయండి" అంటారు. అలా కొడితే నీకు రావాల్సిన కాల్స్ వాళ్లకు మళ్లుతాయి. కాల్ ద్వారా వచ్చే ఓటీపీ కూడా వాళ్ల చెవిలోనే పడుతుంది, నీ వాట్సాప్ వాళ్ల చేతికి పోతుంది. పొరపాటున కొట్టి ఉంటే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ కొట్టు, మళ్లింపులన్నీ రద్దవుతాయి. సిమ్ము ఆపేస్తామని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరికీ ఫోను చేయదు.

ఆడపిల్లవు గనక ఇంకో మాట. రాంగ్ నంబరని మొదలుపెట్టి రోజూ చేసేవాళ్లు, అర్ధరాత్రి మాట్లాడకుండా ఊరుకునేవాళ్లు, బెదిరించేవాళ్లు తగులుతారు. వాళ్లను తిట్టకు, వాదించకు, మాట్లాడిన కొద్దీ వాళ్లకు ఊతం. "మళ్లీ చేయొద్దు" అని ఒక్కసారి మెసేజి పెట్టి, తేదీ, టైము, స్క్రీన్‌షాటు దాచుకుని, తర్వాత బ్లాకు చెయ్యి. వద్దన్నా వదలకుండా ఒక ఆడపిల్లను వెంటాడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద మొదటిసారికే మూడేళ్ల దాకా శిక్ష ఉంది. పేరు దాచుకుని బెదిరిస్తే 351వ సెక్షను కింద శిక్ష ఇంకా పెరుగుతుంది. అత్యవసర నంబరు 112కు గానీ, మహిళల కోసం ఉన్న 181కి గానీ చెయ్యి. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారని మాత్రం దాచుకోకు. నువ్వు చెప్పినందుకు నీ ఫోను ఎవరూ తీసుకోరు. మీ నాన్నను ఆ మాటకు నేను ముందే ఒప్పించాను.

డబ్బే పోతే ఏడుస్తూ కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి చెయ్యి. పోయిన డబ్బు ఖాతా నుంచి ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది, ఎంత ముందు చెబితే అంత మేర మధ్యలో ఆపగలుగుతారు. ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, టైము దగ్గర పెట్టుకో. బ్యాంకుకు కూడా చెప్పు. మనం ఓటీపీ ఇవ్వకుండానే బయటివాళ్ల మోసంతో డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు చెప్పామంటే ఆ నష్టం మన మీద పడదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఓటీపీ మనమే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిందంతా మన నష్టమేనని కూడా అప్పుడే చెప్పింది. డబ్బు పోకుండా అనుమానం మాత్రమే వస్తే టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులోని చక్షు విభాగంలో ఆ నంబరు రాసి పెట్టు, ఇంకొకరు తప్పించుకుంటారు.

ఆదివారం ఇంటికొస్తావు కదా. మీ అవ్వ ఎవరు ఫోను చేసినా "చెప్పు నాయనా" అని నోరారా మాట్లాడేస్తుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వే దొంగగా మాట్లాడి ఒకటికి రెండుసార్లు పెట్టేయించు. ఆమె ఫోనులో 1930, బ్యాంకు నంబరు, నీ నంబరు పేర్లతో సేవ్ చెయ్యి. వాట్సాప్‌లో తెలియనివాళ్ల కాల్స్ మోగకుండా చేసే సెట్టింగు ఉంది, అది పెట్టు. నేర్చుకున్నది ఇంకొకరికి నేర్పితేనే నీకు గట్టిపడుతుంది. తర్వాత పక్కింటివాళ్లకు కూడా చెప్పు.

ఇట్లు,
మీ తాత