అంజూరపు ముద్దయు, థైరాయిడ్ మాత్రయు

పఠన భాగము: 2 రాజులు 20:1–11

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల సంఘములలో ఒక ప్రశ్న పదేపదే మాయొద్దకు వచ్చుచున్నది. రక్తపోటు, చక్కెర చూపించుకొనుటకు పోయినవారు మరియొక సంగతి మోసికొని వచ్చుచున్నారు. కొందరికి వైద్యుడు మెడ తడిమి, ఇక్కడ చిన్న గడ్డ యున్నట్లున్నదనెను. మరికొందరికి రక్తపరీక్ష కాగితములో టి.ఎస్.హెచ్. అను వరుసలో అంకె హద్దు దాటెను. ఒంటిలో ఏ బాధయు లేదు. అయినను సాయంకాలములోపల ఇరుగుపొరుగువారు లేని రోగమును గూడ వారికి అంటగట్టుదురు. "అయ్యగారూ, మందు మింగవలెనా, ప్రార్థన చేసికొంటే చాలునా?" అని అడుగుచున్నారు. ఈ నెల పాఠము వారికొరకే.

హిజ్కియా రాజునకు మరణకరమైన రోగము వచ్చెను. అతడు గోడతట్టు ముఖము త్రిప్పుకొని ప్రార్థించెను. దేవుడు ఆలకించి 15 సంవత్సరముల ఆయుష్షు కూర్చెను. ఈ మాట తెచ్చిన యెషయా ప్రవక్తయే అంజూరపుపండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. నీడ పది మెట్లు వెనుకకు పోయిన సంగతి మన పిల్లలందరును చెప్పగలరు. ముద్ద సంగతి పెద్దలే మరచుచున్నారు. ప్రార్థన ఆలకింపబడెను గనుక ముద్ద అక్కరలేదని ప్రవక్త అనలేదు. ముద్ద యున్నది గనుక ప్రార్థన వ్యర్థమనియు అనలేదు. జమ్మలమడుగులో లండన్ మిషను కాలమున వెలసిన క్యాంబెల్ ఆసుపత్రిని ఎరిగిన మన ప్రాంతపు విశ్వాసులకు ఇది క్రొత్త పాఠము కానక్కరలేదు.

ఇక గ్రంథి సంగతి. థైరాయిడ్‌ను పాఠ్యపుస్తకములలో అవటు గ్రంథి యందురు. కంఠమణికి కొంచెము దిగువను, శ్వాసనాళము ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె అంటియుండును. పెద్దవారిలో దాని తూకము ఇంచుమించు 20 గ్రాములు, అనగా నేటి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల లెక్కలో రెండు తులములు. గుండె వేగము, ఒంటి వెచ్చదనము, జీర్ణము, మనస్సు చురుకు, అన్నిటికిని ఈ రెండు తులములే తాళము వేయును. దీనిని అదిలించు మేస్త్రి వేరుగా ఉన్నాడు. మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అను కబురు పంపి పని చేయించును. పనివాడు మందగించినకొలది మేస్త్రి కేక హెచ్చును. కాబట్టి టి.ఎస్.హెచ్. ఎక్కువయైనదనగా థైరాయిడ్ ఎక్కువయైనదని అర్థము కాదు, గ్రంథి నీరసించినదని అర్థము. అంకె మిక్కిలి తగ్గినయెడల గ్రంథి అతిగా పనిచేయుచున్నదేమో చూడవలెను. చదువుకొన్నవారు సహా దీనిని తలక్రిందులుగా పట్టుకొనుట చూచుచున్నాము.

సాధారణముగా 0.4 మొదలు 4 వరకు మంచి అంకె యందురు. పరీక్షశాలను బట్టి హద్దు కొంచెము మారును. అంకె హద్దు దాటియు 10 లోపుననే యుండి, టి-4 అను రెండవ పరీక్ష సరిగా నున్నయెడల, వైద్యులు పలుమారు వెంటనే మందు వ్రాయక, రెండు మూడు నెలలకు మరల రక్తము చూతురు. జ్వరముపడి లేచినవారిలో అంకె కదలవచ్చును. కొందరిలో తానే దిగివచ్చును. జుట్టు పెరుగుటకని అమ్ము బయోటిన్ మాత్రలు పరీక్షనే తప్పుదారి పట్టించును గనుక, అవి వాడువారు ముందుగా చెప్పవలెను. 10 దాటినను, టి-4 తగ్గినను, సాధారణముగా మందు మొదలుపెట్టుదురు. ఒక్క కాగితము చూచి ఏడ్చుటయు తొందరయే, దానిని చించివేయుటయు తొందరయే.

గడ్డ మాట విన్నవారు మొదట క్యాన్సరే తలంతురు. థైరాయిడ్ గడ్డలలో పదింట తొమ్మిదికి పైగా క్యాన్సరు కానివే. స్కానింగు చేసి, అవసరమైతే సన్నని సూదితో కొంచెము తీసి చూతురు. అయితే గడ్డ త్వరగా పెరిగినను, గొంతు బొంగురుపోయి తగ్గకున్నను, మ్రింగుట కష్టమైనను, పండుగ పోనిమ్మని ఆగరాదు.

ఈ గ్రంథి విలువ లోకమునకు తెలిసిన విధము గమనింపదగినది. స్విట్జర్లాండు దేశపు బెర్న్ పట్టణములో థియోడర్ కోచర్ అను శస్త్రవైద్యుడు గొంతు గడ్డలున్నవారికి గ్రంథిని మొత్తముగా తీసివేయుచుండెను. తరువాత వారిని పిలిపించి చూడగా అనేకులు ఉబ్బి, మందబుద్ధులై యుండిరి. ఈ సంగతిని 1883లో ఆయనే బయటపెట్టెను. 1909లో నోబెల్ బహుమానము పొందిన మనుష్యుడు తన చేతిపని చేసిన కీడును దాచకుండుట మాకు బహుమానముకంటె గొప్పగా తోచును. 1891లో ఇంగ్లాండులో జార్జి మర్రే అను వైద్యుడు, గ్రంథి చచ్చుబడిన 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ రసము ఎక్కించెను. ఆమె ఇంకను 28 సంవత్సరములు బ్రదికెను. హిజ్కియాకు కూర్చబడిన ఆయుష్షుకంటె ఇది ఎక్కువ! 1914 డిసెంబరు 25న, క్రిస్మస్ దినముననే, అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ రసములోని అసలు పదార్థమును స్ఫటికములుగా వేరుచేసెను. నేటి చిన్న తెల్లని మాత్ర దాని సంతతియే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. కొందరు ప్రార్థన కూటమునుండి వచ్చి మాత్ర మానివేయుదురు. వారము గడచును, ఏమియు కాదు. రెండు వారములు గడచును, బాగుగనే యుందురు. స్వస్థత కలిగెనని సాక్ష్యము చెప్పుదురు. విని మరి ఇద్దరు మానుదురు. ఈ మందు ఒంటిలో సగము తరుగుటకు దాదాపు ఏడు దినములు పట్టును. అందుచేత మానిన వెంటనే లోటు తెలియదు. నెలలు గడచినపిమ్మట అలసట, చలి, మలబద్ధకము, ముఖము వాపు, మతిమరుపు మెల్లగా ప్రవేశించును. అప్పటికి సాక్ష్యము ఊరంతయు పాకియుండును. బహుకాలము నిర్లక్ష్యము చేసినయెడల స్పృహ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. స్వస్థత కలిగెనని నమ్మువారు మాత్ర మానక, వైద్యునితో చెప్పి పరీక్ష చేయించుకొనవలెను. తన్ను యాజకునికి కనుపరచుకొమ్మని ప్రభువు కుష్ఠరోగితో చెప్పలేదా?

మాత్ర మింగు విధము గూడ తెలిసియుండవలెను. ఉదయమున పరగడుపున నీటితోనే వేసికొని, అరగంట మొదలు గంటవరకు కాఫీ, టీ, సంగటి ఏదియు ముట్టరాదు. ఐరన్ మాత్రలకును, కాల్షియమునకును, దీనికిని నాలుగు గంటల ఎడముండవలెను. పులివెందుల తట్టున ఒక సహోదరి మూడును ఒకేసారి మింగుచు మందు పనిచేయలేదని దిగులుపడుచుండెను. మన కడప ఎండలలో మాత్రల సీసాను పొయ్యిదగ్గరను, కిటికీలోను పెట్టవద్దు. మోతాదు మార్చిన తరువాత ఆరు మొదలు ఎనిమిది వారములకు రక్తము మరల చూపించవలెను. క్యాబేజీ తినవచ్చునా అని అందరును అడుగుదురు. వండి మితముగా తినినయెడల భయములేదు.

ఉప్పు విషయములో మన తెలుగువారి పేరొకటి చెప్పకుండ ఉండలేము. 1921లో శ్రీకాకుళములో జన్మించిన వులిమిరి రామలింగస్వామి గారు, 1956 మొదలు హిమాలయముల క్రింది కాంగ్రా లోయలో అయోడిను కలిపిన ఉప్పు ఇచ్చి చూడగా గొంతు వాపులు తగ్గిపోయెను. 1962లో దేశమంతటికి గాయిటర్ నివారణ కార్యక్రమము మొదలాయెను. అయోడిను ఉప్పు వాడుచున్నను కొందరికి, విశేషముగా స్త్రీలకు, ఒంటి రక్షణశక్తియే గ్రంథిమీద తిరుగబడుటచేత ఈ లోపము వచ్చును. కాబట్టి రోగిని చూచి, ఏమి తిన్నావు, ఏమి పాపము చేసితివి అని అడుగుట అన్యాయము.

గర్భము ధరించిన స్త్రీలకు ఆగి చూచుట తగదు. తొలి నెలలలో బిడ్డ మెదడు ఎదుగుటకు తల్లి థైరాయిడే ఆధారము. మందు వాడుచున్న సహోదరి నెల తప్పెనని తెలిసిన దినముననే వైద్యునికి చెప్పవలెను. మోతాదు పెంచవలసి రావచ్చును. అత్తగారు గర్భవతికి మందులేల అని మాన్పింపజూచినయెడల, ఈ పత్రికను ఆమె చేతికిచ్చి ఈ పేరా చదివించుడి.