వాడు అడ్రసు దాచుకోనక్కర్లేదు

వర్లీ,
ఆదివారం

బిడ్డా,

నిన్న ఫోన్లో నేను నోరు తెరిచినప్పుడల్లా నువ్వే అందుకున్నావు. అందుకే కాగితం తీశాను. దీన్నైతే మధ్యలో ఆపలేవు.

ట్యూషన్లో పిల్లలు నీ చిన్నోణ్ణి ఎక్కడుంటావని అడిగితే కామాటిపుర అన్నాడు. అంతే, ఒకడు అక్కడి వేశ్యావాడ మీద తీసిన గంగూబాయి సినిమా రీలు తీసి చూపించాడు, అందరూ నవ్వారు. నువ్వు వెంటనే ఇంట్లో ఫోనుకు లాక్ పెట్టావు. ఇకమీదట ఎవరడిగినా ముంబై సెంట్రల్ అని చెప్పమన్నావు. ఫోను సంగతి సరే, ఈ రెండోది నాకు నచ్చలేదు.

ముంబై సెంట్రల్ అనడం నీతో మొదలైంది కాదులే. మీ నాయిన ఉద్యోగం దరఖాస్తులో నాగ్‌పాడా అని రాసేవాడు. పెళ్ళి సంబంధాలు వచ్చాయంటే మన గల్లీలో సగం మంది ముంబై సెంట్రల్ వాళ్ళే! పెద్దవాళ్ళు పని గడవడానికి అట్లా అంటారు, ఎందుకంటున్నారో వాళ్ళకు తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఏం తెలుస్తుంది? మేముండే చోటు పేరెత్తితే అమ్మే తలదించుకుంటుంది అని తెలుస్తుంది.

పైగా వాడు ఎట్లాగూ వెతుకుతాడు. నీ ఫోను కాకపోతే పక్క ఖోలీ వాళ్ళది. అంతస్తు మొత్తానికి ఒకటే గ్యాలరీ ఉన్నచోట నీ ఒక్క ఇంటి లాక్ ఏం ఆపుతుంది? కామాటిపుర అని కొట్టి చూడు. సినిమా వస్తుంది, దాని పాటలు వస్తాయి, ఆ తర్వాత ఎవరో రాత్రిపూట కారు అద్దం సందులోంచి దొంగచాటుగా తీసిన వీడియోలు. నల్లా దగ్గర బిందెలు పట్టుకున్న మన ఆడవాళ్ళు అందులో ఎక్కడా కనబడరు. కాబట్టి ఫోను చెప్పకముందే నువ్వు చెప్పు.

వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు పోటు ఆగేదాకా కామాటిపుర అంతా బురదనేల. 18వ శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన కామాటోళ్ళు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. మట్టి తవ్వి, రాయి మోసి, రోడ్లు వేసి బొంబాయిని బొంబాయి చేసిన చేతుల్లో వాళ్ళవీ ఉన్నాయి. జోతిరావు ఫూలే పేరు చిన్నోడికి తెలిసే ఉంటుంది. ఆయన 1873లో పుణేలో సత్యశోధక్ సమాజం పెడితే, బొంబాయిలో దానికి అండగా నిలబడ్డవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు, రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు లాంటివాళ్ళు. ఈ ముక్క ఏ రీలులోనూ రాదు. మనవాళ్ళు పనిచేసిన బట్టల మిల్లుల కథ వాడికి నేను చెప్తాను. 1982 సమ్మె తర్వాత మగ్గం తప్ప వేరే పని రానివాళ్ళు ఎంతమంది భివండీ పవర్‌లూములకు పోయారో, ఎంతమంది ఊరి బస్సెక్కారో చూసినదాన్ని.

ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళ సంగతి కూడా అడుగుతాడు, తప్పదు. అక్కడే మనవాళ్ళు జారిపోతారు. "మనం వేరు, వాళ్ళు వేరు, మనం మర్యాదస్తులం" అనేస్తారు. నువ్వు ఆ మాట అనకు. ఆ వ్యాపారం ఇంగ్లీషు దొరల కాలంలో పెరిగింది. అక్కడి సఫేద్ గల్లీకి, అంటే తెల్ల గల్లీకి, ఆ పేరే యూరప్ నుంచి తెచ్చిన ఆడవాళ్ళ వల్ల వచ్చింది. "చాలామందిని మోసం చేసి తెచ్చారు, అప్పుల్లో దించారు, వాళ్ళకూ నీలాంటి పిల్లలున్నారు" అని చెప్పు. వాడి వయసుకు అంతవరకు చాలు. ఆ తల్లులు రాత్రి పనిలో ఉంటే పిల్లలు ఎక్కడ పడుకోవాలని ఆలోచించి, ప్రేరణ సంస్థ వాళ్ళు 1988లో కామాటిపురలోనే రాత్రి సంరక్షణ కేంద్రం పెట్టారు. పిల్లల గురించి దిగులు నీ ఒక్కదానికే లేదు బిడ్డా.

సినిమా మీద నాకు కోపం లేదు. 2022లో అది వచ్చేముందు అందులోంచి కామాటిపుర పేరు తీసెయ్యమని కొందరు కోర్టు దాకా పోయారు, పని కాలేదు. వాళ్ళ బాధ న్యాయమే, కానీ పేరు తీసేస్తే ఫోను మరిచిపోతుందా? నువ్వు వాడితో ఒక్క మాట చెప్పు, అందులో కనబడే గల్లీ మన గల్లీ కాదు, ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టు. ఆ ముక్క తెలిస్తే రేపు ట్యూషన్లో వాడే చెప్పుకుంటాడు. ట్యూషన్ మాత్రం మాన్పించకు.

లాక్ తీసెయ్యమని అనను. ఫోను ఇస్తే మాత్రం పక్కన కూర్చో. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైనప్పుడు మన అంతస్తులో టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ గడప ముందు చెప్పులు మోకాలెత్తు. లోపల చోటు లేక పిల్లలు మోరీ గట్టు మీద కూర్చునేవాళ్ళు. హిందీ రాని ముసలివాళ్ళకు ఒక పెద్దాయన తెలుగులో చెప్పేవాడు, రావణుడి మాటల్లో సగం ఆయన సొంత కల్పనే. రావణుడు నిజాంకు పన్ను కట్టనని కూడా అన్నాడు ఒకసారి! ఆ మాటలకే మేం నవ్వాం, ఆ మాటలే వాదించుకున్నాం, టీవీ ఏం చూపించిందో ఇప్పుడు అంత గుర్తులేదు. చిన్నోడు ఇప్పుడు గోడవైపు తిరిగి దుప్పట్లో చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడన్నదానికంటే నాకు అది ఎక్కువ దిగులు.

ఇంకొకటి. వాడు పుష్ప నడక భలే నడుస్తాడు, భుజం ఎగరేసి మరీ. కానీ ఆ సినిమా చూసింది హిందీలో. అంటే మన బొంబాయి తెలుగు పిల్లాడికి అల్లు అర్జున్ గొంతు అంటే హిందీలో డబ్బింగ్ చెప్పిన మరాఠీ నటుడు శ్రేయస్ తల్పడే గొంతు! నవ్వొస్తుంది, కొంచెం కడుపులో కలుక్కుమంటుంది కూడా. తెలుగు ఆడియో పెట్టి చూపించు. చిత్తూరు యాస మన తెలంగాణ వాళ్ళకే సగం అర్థం కాదు, వాడికేం అర్థమవుతుందో చూద్దాం. నువ్వు మునిసిపల్ తెలుగు బడిలో చదివావు గనక ఈ ఉత్తరం చదువుతున్నావు. వాడికి నువ్వే చదివి వినిపించాలి.

మాడా హౌసింగ్ వాళ్ళ రీడెవలప్‌మెంట్ మాట మళ్ళీ వినబడుతోంది, ఇంటికి 500 చదరపు అడుగులు అంటున్నారు. అద్దె రసీదులు, రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లులు ఒక ఫైల్లో పెట్టి జిరాక్సులు తీయించు. వాటి మీద ముంబై సెంట్రల్ అని ఉండదు, చూసుకో.

చిన్నోడికి నా తరఫున ఒక పని చెప్పు. నీ ఫోనే ఇవ్వు, రోజూ పావుగంట అవ్వను కూర్చోబెట్టి రికార్డు చెయ్యమను. ఊరి నుంచి ఏ బస్సులో వచ్చింది, మొదటి రాత్రి ఎవరి ఖోలీలో పడుకుంది, వెయ్యి బీడీలు చుడితే ఎంత ఇచ్చేవాళ్ళు, ఇక్కడ గునుగు దొరక్క బతుకమ్మను దేనితో పేర్చింది, అన్నీ అడగమను. ఆమెకు కుడి చెవి వినబడదు, ఎడమవైపు కూర్చోమను. నల్లా వచ్చే టైములో మాత్రం అడగొద్దు, తిడుతుంది.

మీ అత్త