ల్యాప్‌టాప్‌కూ జీర్ణోద్ధరణ

శ్రీకాకుళం పట్టణానికి చేరువలోని అరసవల్లి సూర్యక్షేత్రం తూర్పు గాంగుల కాలం నాటిదని ప్రసిద్ధి. హర్షవల్లి అన్న పేరే కాలక్రమంలో అరసవల్లి అయిందని పెద్దలు చెబుతారు. ఆ ఆలయం 18వ శతాబ్దంలో జీర్ణోద్ధరణ పొందింది. శిథిలమైన భాగాన్ని తొలగించి, దృఢమైనదానిని నిలుపుకొని, మరల ఆయువు పోయడమే జీర్ణోద్ధరణ. ఈ మాట ఆలయాలకే పరిమితం కానక్కరలేదు. నేటి విద్యార్థి సంచిలోని ల్యాప్‌టాప్‌కూ ఇది వర్తిస్తుంది.

అరసవల్లికి చెందిన నా పూర్వ విద్యార్థిని ఒకరు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు, కౌలు రైతైన ఆమె తండ్రి పంట రాబడిలో అధికభాగం వెచ్చించి ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. అది పలుచనిది, చూడముచ్చటైనది. రెండేళ్లు గడిచేసరికి దానిలోని 4 జీబీ మెమరీ చదువుకు చాలలేదు. పెంచుకొందామని దుకాణానికి తీసుకొనిపోగా, మెమరీ మదర్‌బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉన్నదని తేలింది. తెర బాగున్నది, మీటలు బాగున్నవి. అయినా యంత్రం మూలపడింది. తప్పు ఆమెది కాదు. కొనేవేళ అడుగవలసిన ప్రశ్నలను ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ పోకడ కొత్తది కాదు. 2008లో ఆపిల్ సంస్థ మ్యాక్‌బుక్ ఎయిర్‌ను కాగితపు కవరులోనుంచి తీసి లోకానికి చూపింది. దాని మెమరీ మదర్‌బోర్డులో భాగమే. పలుచదనం కోసం పెక్కు సంస్థలు ఆ బాట పట్టాయి. అయితే తేలికదనానికీ మార్పుకూ వైరం తప్పనిసరి కాదు. 2021లో వెలువడిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ బరువు సుమారు 1.3 కిలోగ్రాములే, అందులో మెమరీ, బ్యాటరీ, చివరకు మదర్‌బోర్డును కూడా కొన్నవారే మార్చుకోవచ్చు. మన దేశంలోనూ 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై ఒక సంఘాన్ని నియమించింది.

కనుక కొనడానికి ముందు నాలుగు విషయాలు విచారించాలి. మొదటిది మెమరీ. దానికి ప్రత్యేక స్లాటు ఉన్నదా? వివరాల పట్టికలో ‘ఎల్‌పీడీడీఆర్’ అని ఉంటే అది సాధారణంగా మార్చరానిది. రెండవది నిల్వసాధనం. ‘ఎం.2’ స్లాటులో ఒక్క మరతో బిగించే ఎస్‌ఎస్‌డీ అయితే సులువుగా మార్చవచ్చు. మూడవది బ్యాటరీ. అది జిగురుతో అతికించినదా, మరలతో బిగించినదా? నాల్గవది విప్పే విధానం తెలిపే సర్వీస్ మాన్యువల్. దానిని తయారీదారు అందరికీ అందుబాటులో ఉంచాడా? వీటితోపాటు, విప్పితే వారంటీ నిలుస్తుందో లేదో షరతులలో చదువుకోవాలి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను తరువాత మార్చడం దాదాపు అసాధ్యం కాబట్టి దానిని మొదటే తగినదిగా ఎంచుకోవాలి.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. ముందుగా దస్త్రాలకు నకలు తీసుకోవాలి. యంత్రాన్ని ఆపి, చార్జర్ తీసి, మూత విప్పిన వెంటనే బ్యాటరీ తీగను వేరుచేయాలి. తీసిన మరలను వాటి స్థానక్రమంలోనే కాగితంపై అమర్చుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు. దానిని నిపుణులకే అప్పగించాలి.

ఆ విద్యార్థిని తమ్ముడికి ల్యాప్‌టాప్ కొనవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలన్నీ ఆమే అడిగింది. రెండు వందల గ్రాముల బరువు ఎక్కువైనా స్లాటు ఉన్నదానినే ఎంచుకొన్నది. రెండేళ్ల తరువాత రథసప్తమికి ఇంటికి వచ్చినప్పుడు, అరగంటలో తన చేతులతోనే మరొక 8 జీబీ మెమరీని అమర్చింది. ప్రక్కన కూర్చున్న తండ్రి, “నాగలి కర్రు అరిగిపోతే కర్రే మారుస్తాం గానీ నాగలినే పారేస్తామేటమ్మా!” అన్నాడు. ఈ పాఠంలోని సారమంతా ఆ రైతు మాటలో ఉన్నది.

అర్థాలు
శిథిలం = పాడుబడినది
వైరం = విరోధం
కర్రు = నాగలికి అమర్చే ఇనుప మొన

సంధి
జీర్ణ + ఉద్ధరణ = జీర్ణోద్ధరణ : గుణసంధి

ప్రశ్నలు
1. జీర్ణోద్ధరణ అనగానేమి? అది ల్యాప్‌టాప్‌కు ఎట్లు వర్తిస్తుంది?
2. ల్యాప్‌టాప్ కొనేముందు విచారించవలసిన విషయాలను వివరించండి.
3. రైతు మాటలోని అంతరార్థాన్ని మీ ఇంటి వస్తువు ఒకదానితో పోల్చి రాయండి.