నేల గాయం, ఇంటి గాయం

నంద్యాలకు, ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల కొండలు ఉన్నాయి. ఆ కొండల కింద మహానంది ఉంది. అక్కడి కోనేట్లో నీళ్లు ఎండాకాలంలో కూడా తేటగా ఉంటాయి. ఎక్కడివి ఆ నీళ్లు?

కొండ మీద వాన పడుతుంది. చెట్ల వేళ్లు, రాలిన ఆకులు ఆ వానను ఆపుతాయి. నీళ్లు మెల్లగా నేలలోకి ఇంకుతాయి. ఊటగా పైకి వస్తాయి. చెట్టు లేని గుట్ట మీద అదే వాన పడితే మట్టిని కోసుకొని పోతుంది.

కష్టం కూడా అంతే. పదిమంది పంచుకుంటే ఇంకుతుంది. ఒక్కరి మీదే పడితే కోసేస్తుంది.

పత్తి చేను సంగతి చూడండి. పురుగు పడుతుంది. అప్పు తెచ్చి మందు కొడతారు. కొన్నాళ్లకు పురుగు ఆ మందుకు చావదు. మళ్లీ మందు, మళ్లీ అప్పు! ఆ చేలో కూలికి పోయిన ఆడవాళ్లకు తలనొప్పి, వాంతులు. పంట పోతే ఇంట్లో గొడవలు. కొన్ని ఇళ్లల్లో ఆ మందే తాగి మనిషి పోతాడు. నేలకు తగిలిన గాయం ఇంటికీ తగులుతుంది.

దీన్ని మాన్పుకున్న ఊరు ఒకటి ఉంది. దాని పేరు పునుకుల. అప్పట్లో ఖమ్మం జిల్లా. ఇప్పుడు తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అక్కడ పొదుపు సంఘాల ఆడవాళ్లు ఇంట్లో మగవాళ్లకు నచ్చజెప్పారు. వేపగింజల కషాయం, పచ్చిమిరప–వెల్లుల్లి కషాయం వాడారు. 2004లో పురుగు మందులు వద్దని పంచాయతీ తీర్మానం చేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పని మహిళా సంఘాల ద్వారా నడుస్తోంది. అందులో ముఖ్యమైనది జీవామృతం. ఒక ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కావాలి. అన్నీ డ్రమ్ములో కలిపి నీడలో రెండు రోజులు ఉంచాలి. పొద్దున, సాయంత్రం కలియబెట్టాలి. దీంతో నేలలో మేలు చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఒక్క ఏడాదిలోనే అంతా మారదు. ముందు కొంచెం చేలో వేసి చూడాలి.

మనసు గాయానికి మందు ఏది? తోడు. సంఘం మీటింగుకు ఒక అక్క రాలేదా? "కంతు కట్టలేదు" అని పేరు రాసుకొని ఊరుకోవద్దు. ఇద్దరు ఆమె ఇంటికి పోండి. "ఏమైంది వదినా?" అని అడగండి. ఆమె చెప్పేది వినండి. తప్పు పట్టవద్దు. ఇంట్లో పురుగు మందు డబ్బా ఉంటే తాళం వేసి పెట్టించండి. ఎవరైనా మందు తాగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. బతకాలని లేదంటే వారిని ఒంటరిగా వదలవద్దు. 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

ఆలోచించండి, మాట్లాడండి

1. మీ ఊళ్లో ఒక ఎకరా పత్తికి పురుగు మందుల ఖర్చు ఎంత? లెక్క వేసి రాయండి.
2. మీ సంఘానికి ఈ మధ్య రానివారు ఎవరు? వాళ్ల ఇంటికి ఎవరు పోతారు?
3. 108, 14416. ఈ నంబర్లను మీ ఇంటి గోడ మీద రాయండి.