మల్లెపొదలను కత్తిరించుట

మల్లెతోటలు గల రైతులలో పలువురు పొదలను కోయుటకు జంకుదురు. పచ్చగా పెరిగిన కొమ్మలను నరికినచో పూలు తగ్గునని వారి భయము. నిజమునకు నష్టము కోయకుండుటలోనే కలదు. గుండుమల్లె మొగ్గ కొత్త చిగురునందే పుట్టును. ముదురు కొమ్మలను విడిచినకొలది పొద గుబురై ఆకు పెరుగునేగాని పూవు తగ్గును.

కావున కార్తికము ముగియు వేళకు, అనగా నవంబరు చివరకు, ముందుగా నీరు కట్టుట మానవలెను. నేల ఆరిన పిదప, భూమికి అడుగున్నర యెత్తున పొదనంతటిని పదునుగల కత్తితో కోయవలెను. ఎండినవి, తెగులు తగిలినవి యగు కొమ్మలను మొదలంట తీసి కాల్చివేయవలెను. తరువాత పాదులు త్రవ్వి, బాగుగా మాగిన పశువుల యెరువు వేసి, తడి పెట్టవలెను. అంతట పొద నలువైపుల చిగిర్చును. మార్చి మొదలు జూను వరకు పూలు కోతకు వచ్చును.

మల్లెకు నీరు నిలువని నేల కావలెను. సున్నపు పాలు హెచ్చుగా గల నేలలలో లేతాకులు పసుపుబారినచో, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకులపై చల్లవలెను. పురుగు తొలిచిన మొగ్గలను ఏరి నాశనము చేయవలెను. అమ్మకమునకు మొగ్గలను విచ్చకమునుపే, తెల్లవారుజామున కోయుట మేలు.

మా మాటయందు సందేహము గల సభ్యులు తోటనంతటిని కోయనక్కరలేదు. ఈ యేడు రెండు సాళ్లు కోసి, రెండు సాళ్లు విడిచి, వేసవిలో ఏ సాళ్ల పూలను ఆ బుట్టలోనే తూచి చూడుడు. పై యేటి కోతను ఆ తూకమే నిర్ణయింపగలదు.